ఒకే ఇంట్లో రెండు కనీసాలు

సార్వా ఊడుపుల రోజులు. కపిలేశ్వరపురంలో గౌతమి గట్టు మీద పొద్దు వాలుతుంటే పేట మొదట్లో ఒక మోపెడ్ ఆగుతుంది. రెండెకరాలు మక్తాకి చేస్తున్న రైతు దిగి, జట్టుకి పెద్దగా ఉండే ఆవిడ అరుగు దగ్గరికి వెళ్తాడు. ఆకుమడి ముదిరిపోతోంది. దమ్ము చేసిన చేలో నీళ్ళు నిలబెట్టి ఉన్నాయి. రేపు ఇరవై మంది కావాలి. వెనకటి రోజుల్లో అయితే ‘‘తెల్లారేసరికి చేలో ఉండండి’’ అని ఒక కబురు చేస్తే సరిపోయేది. ఇప్పుడు ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుని ముందుగా ఒక ప్రశ్న అడుగుతుంది.

‘‘ఎంతిస్తావు బాబాయ్?’’

ఆయన ఒక మాటంటాడు, ఆవిడ ఒక మాటంటుంది. పక్క ఊళ్ళో ఎంత నడుస్తోందో ఇద్దరికీ తెలుసు. కాసేపు బేరమాడుకుని, ఎకరానికి ఇంతని గుత్తకి ఒప్పుకుంటారు. రైతు మోపెడ్ ఎక్కి ఇంటికొస్తాడు. ‘‘కూలి మరీ పెంచేశారే!’’ అని కాళ్ళు కడుక్కుంటూ విసుక్కుంటాడు. అతని భార్య కూడా ఆ రోజు పొద్దున్నే వేరేవాళ్ళ చేలో ఊడుపుకెళ్ళి నడుం పట్టేసి వచ్చింది. కొంగుముడి విప్పి డబ్బులు లెక్కపెట్టుకుంటూ ‘‘మరి నాక్కూడా ఇవ్వద్దంటావా ఏవయ్యా?’’ అంటుంది. అతని దగ్గర జవాబు లేదు.

ఈ ఇల్లు ఏ ఒక్కరిదో కాదు. సొంత సెంటు భూమి లేకుండా కౌలు చేస్తూ, ఆ కౌలు చాలక కూలికి వెళ్ళే కుటుంబాలు గోదావరి డెల్టాలో ఊరూరా ఉన్నాయి. కూలి ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి అక్కడ ఒకే కంచంలో అన్నం కలుపుకుంటాయి. కనీస వేతనం మంచిదా చెడ్డదా అని పట్నాల్లో జరిగే చర్చలన్నీ యజమాని ఒకవైపు, పనివాడు ఒకవైపు నిలబడి ఉంటారన్న లెక్కతో నడుస్తాయి. ఈ ఇంట్లో ఆ లెక్క నిలవదు. అందుకే ఇక్కణ్ణుంచి చూస్తే ఆ విషయం ఇంకో రకంగా కనిపిస్తుంది.

కాగితం మీద ఉన్నది

కనీస వేతనాల చట్టం మన దేశంలో 1948లోనే వచ్చింది. స్వాతంత్య్రం వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చట్టంలోని పట్టికలో వ్యవసాయ పనులు కూడా ఉన్నాయి. ‘కనీసం’ అంటే ఎంత అన్న ప్రశ్నకి 1957లో జరిగిన పదిహేనో భారత కార్మిక సదస్సు ఒక కొలత ఇచ్చింది. ఒక సంపాదనపరుడి మీద ముగ్గురు పెద్దలకి సరిపడా ఖర్చు ఉంటుందనుకోవాలి. మనిషికి రోజుకి 2,700 కేలరీల తిండి, ఇంటిల్లిపాదికీ ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వీటిపైన వంటచెరకు, దీపం, ఇతర చిల్లర ఖర్చులకి మొత్తం వేతనంలో 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీనికి ఇంకో 25 శాతం కలపమంది. పిల్లల చదువు, వైద్యం, పండగలు, పెళ్ళిళ్ళు, ముసలితనం కోసం అది. చూస్తే ఎంతో ముచ్చటైన లెక్క.

అంతకుముందే, 1983లో, రాజస్థాన్ కరువు పనుల కేసులో అదే కోర్టు ఇంకా గట్టి మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం వెట్టిచాకిరీతో సమానమేననీ, రాజ్యాంగంలోని 23వ అధికరణం దాన్ని ఒప్పుకోదనీ ఆ తీర్పు సారాంశం.

కానీ ఈ కాగితాలేవీ కపిలేశ్వరపురం చేల గట్ల మీదికి వాటంతటవి నడిచి రాలేదు. లేబరు ఆఫీసరు ప్రతి కమతానికీ వచ్చి మస్టరు చూడలేడు. తక్కువిచ్చారని ఫిర్యాదు చేసే కూలీకి రేపు మళ్ళీ అదే రైతు పిలవాలి. పిలవకపోతే పొయ్యి మీదికి ఎసరు ఎక్కదు. వేరే పని లేనివాడికి చట్టం ఇచ్చిన హక్కు తాళం వేసిన బీరువాలో పట్టుచీర లాంటిది. ఉందని తెలుసు, కట్టుకోవడానికి మాత్రం రాదు. అందుకే దశాబ్దాల తరబడి కూలి రేటు చట్టం ప్రకారం నడవలేదు. ఊళ్ళో పెద్ద రైతులు ఎంతంటే అంత, ఆడవాళ్ళకైతే అందులోంచి ఇంకాస్త తగ్గించి, అలా నడిచింది.

గోతిలో దిగిన రేటు

ఈ పద్ధతిని కదిలించినవి చాలా ఉన్నాయి. కోనసీమ, దాని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్ళలో పనికి వెళ్ళడం ఒకటి. మగవాళ్ళు రాజమండ్రి, హైదరాబాదు కట్టుబడి పనులకి వెళ్ళడం ఇంకొకటి. పిల్లలు పశువుల వెంట కాకుండా బడికి వెళ్ళడం మూడోది. నాలుగోది ఉపాధి హామీ.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకం 2008 నాటికి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ విస్తరించింది. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఒకే రేటు. మన రాష్ట్రంలో మొదట్లో రోజుకి 80 రూపాయలు. 2009లో 100, 2011లో 121, 2014లో 169, 2020లో 237, 2024లో 300, 2025లో 307.

ఈ రేటు పలక మీద రాసినంత సజావుగా చేతికి రాలేదు. మట్టి పనికి కొలతలుంటాయి. ఎండాకాలం గట్టిపడిన నేలలో గునపం దిగకపోతే కొలత తగ్గుతుంది, కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. డబ్బులు పడడం వారాల తరబడి ఆలస్యమైన రోజులూ ఉన్నాయి. పైగా ఈ పనులు ఎక్కువగా జరిగేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. సార్వా ఊడుపులు జూలై, ఆగస్టుల్లో. కోతలు నవంబరు, డిసెంబరుల్లో. అంటే చెరువు పూడిక పని, ఊడుపు పని ఒకే రోజున ఢీకొన్నది తక్కువే. దాళ్వా కోతల దగ్గర కొంత ఢీకొంది.

మరి అయినా చేలో కూలి ఎందుకు పెరిగింది? ఇక్కడే అసలు కిటుకుంది. చెరువు గోతిలో దిగిన ఆడమనిషికి జీవితంలో మొదటిసారి ఒక సంగతి తెలిసింది. తన రోజుకి ఒక ధర ఉంది. ఆ ధర మగవాడితో సమానం. అది ఊళ్ళో ఎవరి దయ మీదా ఆధారపడి లేదు. వేసవిలో నాలుగు రూపాయలు చేతిలో ఉంటే, సార్వా ముందు రైతు దగ్గర ‘ఊడుపులకి వచ్చి తీరుస్తాను’ అని అడ్వాన్సు తీసుకోవక్కర్లేదు. అడ్వాన్సు తీసుకోని మనిషి బేరమాడగలదు. ‘‘ఎంతిస్తావు బాబాయ్?’’ అన్న ప్రశ్న పుట్టింది అలాగే.

1948 చట్టం అరవయ్యేళ్ళలో చెయ్యలేని పని, ఊరి బయట పారా పట్టుకుని నిలబడే ఒక అవకాశం నాలుగైదేళ్ళలో చేసింది. దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. కనీస ధర అనే మాట నిలబడాలంటే, ఆ ధరకి నిజంగా కొనేవాడొకడు ఎదురుగా ఉండాలి. ప్రభుత్వం ఆ ధరకి కొంత పనిని కొనడం మొదలుపెట్టాకే మిగతా ఊరు కూడా ఆ ధర వైపు జరిగింది.

చేలు బీడు పెట్టిన ఏడాది

ఇక ఆ ఇంట్లో రెండో మనిషి సంగతి. 2011 సార్వాకి కోనసీమ రైతులు చేలు దున్నకుండా వదిలేశారు. ‘పంట విరామం’ అన్న మాట ఆ ఏడాదే దేశమంతా మారుమోగింది. కాటన్ దొర ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి అన్నపూర్ణ అని పేరు తెచ్చుకున్న నేల మీద వేలాది ఎకరాల్లో నాటు పడలేదు. రైతులు చెప్పిన కారణాల్లో కూలి ఖర్చు ముందు వరసలో ఉంది. ఉపాధి పనుల వల్ల మనుషులు దొరకడం లేదనీ, వ్యవసాయ సీజన్లో ఆ పనులు ఆపాలనీ, లేదా ఆ డబ్బుని చేలో పనికే జోడించాలనీ అడిగారు. రాష్ట్ర ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది. 2022లో కోనసీమలో మళ్ళీ పంట విరామం మాట వినిపించింది.

అయితే ఆ రైతుల జాబితాలో కూలి ఒక్కటే లేదు. మద్దతు ధర దక్కడం లేదన్నది ఇంకా పెద్ద ఫిర్యాదు. పూడిక తియ్యని మురుగు కాలువల వల్ల చేలు ములిగిపోవడం ఇంకొకటి. అప్పట్లో బాస్మతి కాని బియ్యం ఎగుమతి మీద దేశవ్యాప్తంగా నిషేధం ఉంది. 2007, 2008లలో పెట్టిన ఆ నిషేధాన్ని 2011 సెప్టెంబరులో గానీ ఎత్తెయ్యలేదు. ధాన్యం నిండిన గోదాములు ఖాళీ అవకపోతే మిల్లరు కొత్త ధాన్యం ఎందుకు కొంటాడు? కొన్నా ఏ ధరకి కొంటాడు?

విరామం ప్రకటించిన ఊళ్ళలో కూలీల సంగతి ఎవరూ పెద్దగా రాయలేదు. చేను బీడు పడితే కూలి రేటు ఎంతున్నా ఒకటే, చేతికొచ్చేది సున్నా. రైతు నష్టం నుంచి తప్పించుకున్నాడు గానీ, ఊడుపు, కలుపు, కోత, నూర్పిడి అనే నాలుగు పనుల కూలి ఆ ఊరి పేటకి ఆ ఏడాది లేకుండా పోయింది. రైతు చెయ్యి విరిగితే కూలీ కంచం ఖాళీ అవుతుందన్న పాత మాట నిజమేనని ఆ ఏడాది చూపించింది.

బస్తా లెక్క

కూలి పెరిగినందువల్లే రైతు చితికిపోయాడా? లెక్క సులువుగా ఉండడానికి కొన్ని గుండు అంకెలు అనుకుందాం. ఎకరానికి 75 కిలోల బస్తాలు ముప్ఫై పండాయి. అందులో పదిహేను మక్తాకి పోతాయి. ఊడుపు నుంచి నూర్పిడి దాకా చేతి పని నలభై రోజులు.

మనిషికి రోజుకూలి 50 రూపాయలు పెరిగిందనుకోండి. ఎకరానికి 2,000 రూపాయల అదనపు ఖర్చు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు కాబట్టి బస్తా 1,777 రూపాయల దాకా అవుతుంది. అంటే కూలి పెరగడం వల్ల పోయింది సుమారు బస్తాపైన ఒక కుంచెడు. ఇది చిన్నదేమీ కాదు. కౌలు రైతుకి ఆ బస్తాయే మిగులు కావచ్చు.

ఇప్పుడు ఇంకో పక్క చూడండి. కోతల వేళ తుపాను పట్టింది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రం తీసుకోదు. గోనెసంచులు రాలేదు, లారీ రాలేదు, కల్లంలో మొలక వస్తుందేమోనని భయం. కమీషన్ వ్యాపారి బస్తాకి 200 తగ్గించి అడుగుతాడు. రైతు ‘ఎంతిస్తారు?’ అని అడిగే స్థితిలో లేడు. ఆయనే చెబుతాడు, ఇతను తలూపుతాడు. మక్తా బస్తాలు ఎలాగూ యజమానికి పోయాయి. మిగిలిన పదిహేను బస్తాల మీద నష్టం 3,000. కూలి పెంపు కన్నా ఒకటిన్నర రెట్లు.

మూడో అంకె పదిహేను బస్తాల మక్తా. దాని విలువ 26,000 పైచిలుకు. ఈ లెక్కలో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా కదలనిది అదే. పంట పోయినా, ధర పడినా, కూలి పెరిగినా మక్తా మాత్రం పోయినేటి మాట మీదే ఉంటుంది. భూమి యజమాని రాజమండ్రిలోనో, హైదరాబాదులోనో, ఇంకా దూరంగానో ఉంటాడు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకి కార్డు రావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని చాలామంది వెనకాడతారు. కార్డు లేకపోతే పంట రుణం, పరిహారం, సొంత పేరుమీద ధాన్యం అమ్ముకోవడం, అన్నిటికీ చిక్కే.

కాబట్టి కౌలు రైతు ముందు మూడు అంకెలున్నాయి. ధర అతని చేతిలో లేదు. మక్తా అతని చేతిలో లేదు. బేరమాడగలిగేది కూలి దగ్గర ఒక్కచోటే. అందుకే కోపం కూడా అక్కడే చూపిస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి భార్యతో అన్న మాట కూడా అదే.

ఇంకో చిత్రం ఉంది. 2006-07లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర బోనసుతో కలిపి క్వింటాలుకి 620 రూపాయలు. 2025-26లో 2,369. అంటే 3.8 రెట్లు. అదే కాలంలో ఉపాధి కూలి 80 నుంచి 307కి వచ్చింది. అదీ 3.8 రెట్లే! ప్రభుత్వం ప్రకటించిన ఇద్దరి కనీసాలూ దాదాపు జోడెడ్లలా ఒకే నడకన నడిచాయి. తేడా వచ్చింది బజార్లో. సీజన్లో చేలో కూలి ఆ కనీసం కన్నా పైన ఉంటుంది. సీజన్లో కల్లంలో ధాన్యం ధర మాత్రం ఆ కనీసం కన్నా కిందికి జారుతుంది. మొదటి దానికి కొనేవాళ్ళు పోటీ పడతారు. రెండో దాని దగ్గర అమ్మేవాళ్ళు పోటీ పడతారు.

ప్రపంచం ఏమంటోంది

కూలి పెంచితే పనులు తగ్గిపోతాయన్నది ప్రపంచమంతటా ఉన్న భయం. ఆంధ్రప్రదేశ్‌లోనే దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. ఉపాధి కూలి స్మార్ట్ కార్డుల ద్వారా సరిగా, త్వరగా చేతికి అందేలా చేసే మార్పుని ఉమ్మడి రాష్ట్రంలోని 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో, చీటీలు వేసినట్టు కొన్ని మండలాల్లో ముందు, కొన్నిట్లో తర్వాత అమలు చేశారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్ అనే ఆర్థికవేత్తలు రెంటినీ పోల్చి, 2023లో ‘ఎకనోమెట్రికా’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. పథకం బాగా నడిచిన చోట జాబ్ కార్డున్న కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. అందులో 86 శాతం ఉపాధి పని డబ్బు కాదు, బయటి పనుల మీద వచ్చింది. బయట కూలీ పెరిగింది, పనీ తగ్గలేదు. భూములు కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్ళలో పని ఇంకా ఎక్కువ పెరిగింది. కొద్దిమందే పని ఇచ్చేవాళ్ళయితే కూలిని తొక్కి ఉంచగలరు, ఆ పట్టు సడలితే పని తగ్గాల్సిన అవసరం లేదన్నది దాని తాత్పర్యం. గోదావరి జిల్లాలు ఆ పరీక్షలో లేవు. నీరు, మూడు కార్లూ పని ఉన్న డెల్టాలో ఫలితం అచ్చు అలాగే ఉంటుందని చెప్పలేం.

అమెరికాలో ఇదే ప్రశ్నకి పెద్ద గొడవే జరిగింది. 1992 ఏప్రిల్లో న్యూజెర్సీ రాష్ట్రం గంట కూలిని 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా 410 హోటళ్ళని గమనించి, న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదని తేల్చారు. ఈ తరహా పరిశోధనకే కార్డ్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంకా ఆసక్తికరమైనది సియాటెల్ నగరం. గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళకి అది పిల్లలున్న ఊరు. 2014 జూన్లో ఆ నగర కౌన్సిల్ గంటకి 15 డాలర్ల కూలి వైపు అంచెలంచెలుగా వెళ్ళాలని తీర్మానించింది. 2017లో రెండు విశ్వవిద్యాలయాలు రెండు మాటలు చెప్పాయి. హోటళ్ళలో జీతాలు పెరిగాయి, ఉద్యోగాలు తగ్గలేదని బర్కిలీ పరిశోధకులన్నారు. తక్కువ జీతాల పనుల్లో గంట రేటు 3 శాతం పెరిగితే పనిగంటలు 9 శాతం తగ్గాయని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళన్నారు. తర్వాతి ఏడాది ఈ రెండోవాళ్ళే ఇంకాస్త లోతుగా చూసి, అప్పటికే అనుభవం ఉన్న పనివాళ్ళు లాభపడ్డారనీ, కొత్తగా పనిలో చేరేవాళ్ళ సంఖ్య తగ్గిందనీ తేల్చారు. ఆ నగరం మాత్రం వెనక్కి తగ్గలేదు. 2025లో అక్కడ కనీసం గంటకి 20.76 డాలర్లు.

సియాటెల్లో పనిగంటలు తగ్గాయన్న మాట కపిలేశ్వరపురంలో ఎవరికీ వింత కాదు. ఇక్కడ వరికోత మిషను దిగింది. పదిమంది రోజంతా కోసే ఎకరాన్ని అది కాఫీ తాగి వచ్చేలోగా దాదాపు పూర్తి చేస్తుంది. కొన్నిచోట్ల ఊడుపు మానేసి విత్తనం వెదజల్లుతున్నారు. కూలి రేటు పెరిగింది, కూలి రోజులు తగ్గాయి. చురుగ్గా నాటే వయసులో ఉన్న ఆడవాళ్ళు జట్టులో ఉంటారు. మోకాళ్ళు పట్టేసిన పెద్దావిడని జట్టు పిలవదు. గుత్త పనిలో నెమ్మదిగా నాటే చెయ్యి అందరికీ బరువే. ఎండాకాలం చెరువు గట్టున నీళ్ళు పోసే పని దొరికితే ఆవిడకి అదే ఆధారం.

కనీసం అందని చేతులు

ఇదే మండలంలో అంగర ఉంది. అక్కడి నేతగాడికి రోజుకూలి కాదు, మజూరీ. ఇన్ని చీరలు నేసి ఇస్తే ఇంత. మగ్గం మీద అతను కూర్చుంటే, కండెలు చుట్టేది భార్య, ఆసుపోసేది ఇంకొకరు. ఆ పనులకి విడిగా ధర కట్టేవాళ్ళు తక్కువ. 1957 సదస్సు ఇంటికి 72 గజాల బట్ట అని లెక్క వేసింది గానీ, ఆ బట్ట నేసే ఇంటి ఆడవాళ్ళ చేతి పనిని ఏ కొలతబద్దతో కొలవాలో తేలనే లేదు. ఏటి ఒడ్డున ఇటుక బట్టీల్లో అయితే వెయ్యి ఇటుకకి ఇంత. దేవుడు వాన కురిపిస్తే కోసిన పచ్చి ఇటుక కరిగిపోతుంది, ఆ రోజు కష్టం ఏట్లో కలుస్తుంది. లంకల్లో కొబ్బరి దింపు చేసేవాళ్ళకి చెట్టుకి ఇంత. వాళ్ళ రేటు బాగానే ఉంటుంది. చెట్టు మీంచి కాలు జారితే ఆ తర్వాత ఎవరు చూస్తారన్నదే లేదు.

2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టికలో పేరున్న పనులకే కాకుండా అన్ని పనులకీ కనీస వేతనం వర్తించాలన్నది అందులో ముఖ్యమైన మాట. మంచి మాటే. కానీ 1948 మాట కూడా మంచిదే. మజూరీ దగ్గర, వెయ్యి ఇటుక దగ్గర ఎవరు నిలబడి కొలుస్తారన్నదాని మీదే అంతా ఉంది.

అరవై రోజుల తలుపు

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. 100 రోజుల బదులు 125 రోజులు. దానితోపాటు, నాట్లు, కోతల సీజన్లో ఏడాదికి అరవై రోజుల దాకా ఈ పనులు ఆపేలా రాష్ట్రాలు ముందుగా ప్రకటించాలన్న నిబంధన ఉంది. 2011లో కోనసీమ రైతులు అడిగినవాటిలో ఇదొకటి.

ఆ కౌలు ఇంట్లో ఈ వార్త చదివితే భర్త ‘‘అమ్మయ్య’’ అంటాడు. భార్య మాత్రం కాసేపు ఆలోచిస్తుంది. ఊడుపుల రోజుల్లో చేలో కూలే ఎక్కువ కాబట్టి ఆవిడ ఎలాగూ చెరువు పనికి వెళ్ళదు. అయినా ఆ తలుపు తెరిచి ఉందని తెలిస్తే బేరంలో గొంతు ఒకలా ఉంటుంది, మూసి ఉందని తెలిస్తే ఇంకొకలా ఉంటుంది. తక్కువ కూలి ఇచ్చే ఊళ్ళలో, పని దొరకని పెద్దావిడ విషయంలో, ఆ అరవై రోజుల తేడా గొంతు దగ్గర ఆగదు, కంచం దాకా వస్తుంది.

అతని బాధ తీరాలంటే ఆవిడ తలుపు మూయాలా? అతని ధాన్యానికి కూడా అలాంటి తలుపొకటి తెరిస్తే సరిపోతుంది. తుపాను రోజున కూడా తేమ ధాన్యాన్ని ఆరబెట్టి, మద్దతు ధరకి తీసుకునే కేంద్రం కల్లానికి దగ్గర్లో ఉంటే అతనికి 3,000 మిగులుతుంది. పండిన పంటని బట్టి మక్తా తగ్గే ఒప్పందం, యజమాని సంతకం కోసం ఎదురు చూడక్కర్లేని కార్డు ఉంటే ఇంకా కొంత మిగులుతుంది. ఆ మిగిలినదాంట్లోంచి జట్టుకి పెరిగిన 2,000 ఇచ్చినా ఇంటికి నష్టం లేదు. పైగా ఆ 2,000లో కొంత తిరిగి ఆ ఇంటి కొంగుముడికే వస్తుంది.

రాత్రి భోజనాలయ్యాయి. తెల్లారితే అతని చేలోకి ఇరవై మంది వస్తారు. అతని భార్య మాత్రం రాదు, వేరేవాళ్ళ ఊడుపుకి మాట ఇచ్చేసింది. ‘‘మన చేను వదిలేసి ఊరోళ్ళ చేలోకేంటే?’’ అంటాడతను.

‘‘ఆయ్, నువ్వు నాకు కూలి ఇస్తావేంటి?’’ అని నవ్వి ఆవిడ దీపం తీసేస్తుంది.

డిసెంబరులో కల్లంలో ధాన్యం రాసి పోసుకుని, కాటా దగ్గరికొచ్చిన వ్యాపారిని అతను కూడా అలాగే, వంగకుండా, ‘‘ఎంతిస్తారండీ?’’ అని అడగగలిగిన రోజున ఆ ఇంట్లో కూలి గురించి విసుగు మాట వినపడదు.